దొంగలు గెలిస్తే తప్పా? రెండు ‘ఓషన్స్ ఎలెవెన్’ల మధ్య 41 ఏళ్ల కథ

ముందే చెప్పేస్తున్నా, ఈ ఎపిసోడ్ నిండా స్పాయిలర్లే. రెండు సినిమాల క్లైమాక్స్‌లూ చెప్పకుండా ఈ కథ చెప్పడం కుదరదు.

మా ఫ్రెండ్స్‌లో ‘ఓషన్స్ ఎలెవెన్’ అంటే అందరికీ 2001లో వచ్చిందే. జార్జ్ క్లూనీ, బ్రాడ్ పిట్, మాట్ డేమన్, జూలియా రాబర్ట్స్. అది రీమేక్ అనీ, ఒరిజినల్ 1960లో వచ్చిందనీ చెప్తే ఒక్కడూ నమ్మలేదు. సరే అని అందరం పాతది కూడా చూశాం. మూడు ఒపీనియన్లు వచ్చాయి. ఒకడేమో "ఏంట్రా ఇంత స్లో?" అన్నాడు. ఇంకొకడు "ఎండింగ్ అన్యాయం, పాపం చేతికి ఏమీ మిగల్లేదు" అన్నాడు. మూడోది ఒక ఫ్రెండ్ అడిగిన ప్రశ్న: "సామీ డేవిస్ అప్పటికే పెద్ద స్టార్ కదా, ఆయనకి చెత్త లారీ డ్రైవర్ వేషమేంటి?" మూడూ కరెక్ట్ పాయింట్లే. కానీ వీటికి జవాబు కావాలంటే అప్పటి అమెరికాలోకి ఒకసారి వెళ్లి రావాలి.

ముందు స్లో సంగతి చూద్దాం. పాత సినిమాలో హీరోలు ఫ్రాంక్ సినాత్రా, డీన్ మార్టిన్, సామీ డేవిస్ జూనియర్, పీటర్ లాఫోర్డ్, జోయీ బిషప్. జనం వీళ్లని ‘ర్యాట్ ప్యాక్’ అనేవాళ్లు. 1960 జనవరి, ఫిబ్రవరి నెలల్లో లాస్ వేగస్‌లో షూటింగ్. పగలు సినిమా, రాత్రి శాండ్స్ హోటల్ స్టేజీ మీద పాటలు, జోకులు. ఆ షోల కోసం జనం ఎగబడ్డారు. అంటే ప్రేక్షకుడికి కావాల్సింది వీళ్లు అయిదుగురూ ఒకచోట కూర్చుని కబుర్లు చెప్పుకోవడమే. దొంగతనం దానికో సాకు, అంతే. డైరెక్టర్ లూయిస్ మైల్‌స్టోన్ సామాన్యుడు కాదు, ‘ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ తీసి ఆస్కార్ కొట్టినాయన. అయినా సినిమాలో సగం సేపు ఫ్రెండ్స్ పార్టీకి మనం కూడా వెళ్లినట్టే ఉంటుంది.

ఇక కథ. రెండో ప్రపంచ యుద్ధంలో కలిసి పనిచేసిన పదకొండు మంది మాజీ సైనికులు న్యూ ఇయర్ రాత్రి ఒకేసారి అయిదు కేసినోలు కొల్లగొట్టాలని ప్లాన్ వేస్తారు. సహారా, రివియెరా, డెజర్ట్ ఇన్, శాండ్స్, ఫ్లెమింగో. కరెంట్ టవర్ పేల్చేస్తే ఊరంతా చీకటి. ఎమర్జెన్సీ కరెంట్ ఆన్ అవగానే క్యాష్ గదుల తలుపులు తెరుచుకునేలా ముందే వైర్లు మార్చి పెడతారు. ప్లాన్ సక్సెస్. కానీ గ్యాంగ్‌లో ఒకడు గుండెపోటుతో అక్కడే చనిపోతాడు. మిగతావాళ్లు డబ్బుని అతని శవపేటికలో దాచి ఊరు దాటించాలనుకుంటారు. తీరా చూస్తే అతని భార్య అంత్యక్రియలు వేగస్‌లోనే జరిపిస్తుంది. అదీ పూడ్చడం కాదు, దహనం! డబ్బు మొత్తం బూడిద.

"అన్యాయం" అన్నాడు కదా మావాడు, అసలు విషయం ఇక్కడుంది. హాలీవుడ్‌కి అప్పట్లో ప్రొడక్షన్ కోడ్ అని ఒక రూల్‌బుక్ ఉండేది. దాన్నే హేస్ కోడ్ అంటారు. ఇది ప్రభుత్వం పెట్టిన సెన్సార్ కాదు. బయటి నుంచి ఒత్తిడి పెరుగుతుంటే స్టూడియోలే 1930లో తమకి తాము రాసుకున్నాయి, 1934 నుంచి గట్టిగా అమలు చేశాయి. అందులో నేరాల గురించి రెండు ముఖ్యమైన మాటలున్నాయి. ఒకటి, ప్రేక్షకుడి సానుభూతి నేరస్తుడి వైపు పోకూడదు. రెండు, దొంగతనం, లాకర్ పగలగొట్టడం లాంటివి ఎలా చేస్తారో వివరంగా చూపించకూడదు. ఇప్పుడు ఆలోచించండి, హీస్ట్ సినిమా మొత్తం నిలబడేదే ఆ రెండింటి మీద!

అందుకే ఆ కాలం సినిమాల్లో ప్లాన్ ఎంత బాగున్నా చివర్లో ఏదో ఒకటి తగలాల్సిందే. జాన్ హ్యూస్టన్ తీసిన ‘ది అస్ఫాల్ట్ జంగిల్’ 1950లో వచ్చింది. నగల దొంగతనం చేసిన గ్యాంగ్‌లో చివరికి ఎవరూ బాగుపడరు. అది సీరియస్ సినిమా కాబట్టి ఏడిపిస్తుంది. కామెడీకి ఇంకో దారి దొరికింది: ఓడిపోవడాన్నే జోక్‌గా మార్చేయడం. 1958లో ఇటలీలో మారియో మోనిచెల్లి తీసిన ‘ఐ సోలిటి ఇన్యోటి’లో దొంగలు కష్టపడి గోడకి కన్నం వేస్తారు. తీరా అది వేరే గోడ, అవతల వంటిల్లు! చేసేది లేక అక్కడున్న పాస్తా, శనగలు తిని పోతారు. 1960 ‘ఓషన్స్ ఎలెవెన్’ క్లైమాక్స్ కూడా ఆ దారిలోనే ఉంది. ఒక్కడు కూడా జైలుకి పోడు, కానీ రూల్ కూడా తప్పలేదు. ఆ కోణంలో చూస్తే ఆ ఎండింగ్ తెలివైనదే.

ఇప్పుడు మూడో ప్రశ్న, నాకు అన్నిటికంటే బరువుగా అనిపించింది ఇదే. 1950లలో లాస్ వేగస్ స్ట్రిప్ మీద నల్లజాతి కళాకారులు స్టేజీ ఎక్కి పాడొచ్చు, జనం చప్పట్లు కొడతారు. షో అయ్యాక అదే హోటల్‌లో రూమ్ మాత్రం ఇవ్వరు. వాళ్లు ఊరి పశ్చిమ భాగంలో, నల్లవాళ్లు ఉండే పేటలో తలదాచుకోవాలి. సామీ డేవిస్ కూడా ఈ అవమానం పడినవాడే. నల్లవాళ్లు మామూలు కస్టమర్లుగా వచ్చినా చాలా కేసినోల్లోకి రానిచ్చేవాళ్లు కాదు. స్థానిక నాయకుడు డాక్టర్ జేమ్స్ మెక్‌మిలన్ స్ట్రిప్ మీద ఊరేగింపు తీస్తామని హెచ్చరించాకే యజమానులు దిగొచ్చారు. 1960 మార్చి 26న మౌలిన్ రూజ్ హోటల్‌లో ఒప్పందం కుదిరింది. డేట్ చూడండి, మన సినిమా వేగస్ షూటింగ్ అయిపోయిన కొద్ది వారాలకే!

ఇది తెలిశాక పాత సినిమా ఇంకోలా కనిపిస్తుంది. కేసినోల్లో సూట్లు వేసుకుని తిరిగేది మిగతావాళ్లు. సామీ పాత్ర బయట చెత్త లారీ నడుపుతూ డబ్బు మూటలు ఎత్తుకుంటుంది. అప్పటి వేగస్‌లో ఒక నల్లజాతి మనిషిని ఎవరూ అనుమానించని చోటు ఏదంటే అదే. ఒక సీన్‌లో మిగతా గ్యాంగ్ ముఖాలకి నలుపు పూసుకుని అతనితో జోకులు వేస్తారు. ఈ రోజు చూస్తుంటే నవ్వు రాదు, కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

1968 నవంబర్‌లో కోడ్ పోయి రేటింగ్ సిస్టమ్ వచ్చింది. అయిదేళ్లకి, 1973లో ‘ది స్టింగ్’ వచ్చింది. మోసగాళ్లు హాయిగా గెలుస్తారు, సినిమాకి బెస్ట్ పిక్చర్ ఆస్కార్ కూడా ఇచ్చారు. అంటే 2001లో స్టీవెన్ సోడర్‌బర్గ్ రీమేక్ తీసేనాటికి దారి క్లియర్‌గా ఉంది. బెల్లాజియో కింద ఒకే వాల్ట్, మూడు కేసినోల డబ్బు, 16 కోట్ల డాలర్లు. ఇక్కడ కూడా ఊరికి కరెంట్ తీసేస్తారు, అది పాత సినిమాకి దండం పెట్టడం లాంటిది. కానీ ఈసారి డబ్బు కాలదు. వాళ్లు ఫౌంటెన్ ముందు నిలబడి ప్రశాంతంగా చూసి, ఒక్కొక్కరుగా వెళ్లిపోతారు. మనం చప్పట్లు కొడతాం.

ఇంకో సీన్ గుర్తుందా? బెర్నీ మ్యాక్ పాత్ర కేసినోలో డీలర్‌గా ఉంటుంది. గేమింగ్ అధికారి వేషంలో మాట్ డేమన్ వచ్చి అతన్ని నిలదీస్తాడు. బెర్నీ మ్యాక్ వెంటనే "నల్లవాడిననే కదా ఇలా చేస్తున్నారు" అన్నట్టు గొడవ పెట్టుకుంటాడు. అదంతా ప్లాన్! ఆ గందరగోళంలో డేమన్ ఓనర్ జేబులోంచి వాల్ట్ కోడ్‌లు కొట్టేస్తాడు. 1960లో చెత్త లారీ దగ్గర ఆగిపోయిన మనిషి, 2001లో కేసినో ఆఫీసు రూమ్‌లోనే నిలబడి ఓనర్‌ని ఇరుకున పెడుతున్నాడు. రెండు సినిమాల మధ్య నాకు కనిపించిన పెద్ద తేడా ఇదే.

పాత సినిమాలోని శాండ్స్ హోటల్‌ని 1996లో కూల్చేశారు. కానీ ఆ సినిమా చివరి షాట్‌లో అది ఇంకా ఉంది. డబ్బు పోయిన గ్యాంగ్ తలలు వంచుకుని నడుస్తుంటే, వెనకాల శాండ్స్ బోర్డు మీద హీరోల అసలు పేర్లు కనిపిస్తాయి. అందులో సామీ డేవిస్ జూనియర్ పేరు కూడా ఉంది. ఈసారి చూసినప్పుడు అక్కడ పాజ్ చేసి, ఆ బోర్డు చదవండి.

మరి మీ ఓటు దేనికి, బూడిదైన డబ్బుకా, ఫౌంటెన్ ఎండింగ్‌కా? కారణంతో సహా కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.