‘జీరో ఏ.డి.’ ఆటలో వేగం ఎక్కడ ఖర్చవుతున్నది?

బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని నిట్టూరు శిలాశాసనంలో అశోకుని పేరు కానవస్తుంది. ఆ అశోకుడే నాయకుడై మౌర్యసేనను నడిపించే కంప్యూటర్ ఆట ఒకటున్నది. దాని పేరు ‘జీరో ఏ.డి.’. వైల్డ్‌ఫైర్ గేమ్స్ అనే స్వచ్ఛంద బృందం దాని ప్రోగ్రామును 2009లో అందరికీ బహిరంగపరచింది. మౌర్యులు అందులో 2013లో చేరారు. ఆట పూర్తిగా ఉచితం. ఎమ్మిగనూరు పిల్లలు ఎవరినీ అడుగకుండా నకలు తీసుకోవచ్చు. అయితే పాత కంప్యూటర్‌పై యుద్ధం ముదిరేసరికి ఆట నత్తనడక పడుతుంది. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనిపెట్టమని పిల్లలు పోరు పెడితే తల్లిదండ్రులు తొందరపడరాదు.

2010లో ఈ ఆట అంతర్నిర్మాణాన్ని తిరగరాశారు. ప్రతి సైనికుని స్థానం, ఆరోగ్యం, దాడి మున్నగువాటిని వేర్వేరు భాగాలుగా విడదీశారు. నడక, దారి వెదకుట వంటి బరువు పనులు సీ ప్లస్ ప్లస్ భాషలో ఉన్నాయి. దాడి, ధాన్యం సేకరణ వంటివి జావాస్క్రిప్ట్‌లో ఉన్నాయి. రెండవది నెమ్మది. కానీ ఆట నియమం మార్చదలచిన విద్యార్థి మామూలు ఫైలు దిద్దితే చాలు, ప్రోగ్రామంతా మళ్లీ తయారు చేయనక్కరలేదు. కొంత వేగాన్ని వదలి ఈ సౌలభ్యాన్ని పొందారన్నమాట. బోధించేవాడిని గనుక నాకిది లాభసాటి బేరమే అనిపిస్తుంది.

నలుగురు కలసి ఆడినప్పుడు ప్రతి కంప్యూటరూ యుద్ధమంతటినీ తానే లెక్కించుకొంటుంది. ఆటగాళ్ల ఆజ్ఞలు మాత్రమే ఒకదాని నుండి మరొకదానికి చేరుతాయి. లెక్కలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒకరి తెరపై బ్రతికున్న ఏనుగు మరొకరి తెరపై చచ్చిపడుతుంది. అందుకే దశాంశాలను యంత్రాల ఇష్టానికి వదలక, ఒకటిని 65,536 సమభాగాలు చేసి లెక్కిస్తారు. జతలో మందకొడి ఎద్దు నడకే బండి నడక అయినట్లు, అన్నిటికన్నా నెమ్మదైన కంప్యూటర్ కోసం తక్కినవారంతా ఆగవలసిందే.

దారి వెదకే భాగాన్ని 2015లో కొత్తగా వ్రాశారు. 2021లో ఆ పనిని ప్రాసెసర్‌లోని పలు కోర్‌లకు పంచారు. రెండే కోర్‌లున్న పాత యంత్రానికి దీనివల్ల ఒరిగేది స్వల్పం.

కనుక ముందుగా ఒక పరీక్ష చేయండి. నీడలు, నీటి మెరుపులు తగ్గించి చూడండి. అప్పటికీ పెద్ద యుద్ధాలలో ఆట తడబడితే లోపం బొమ్మలది కాదు, లెక్కలది. ఆట ఆరంభించేటప్పుడు జనాభా పరిమితిని తగ్గించుకోండి. దానికి పైసా ఖర్చు లేదు.