రైలు వాలు, మనిషి లాగే బండి: గ్రేట్ అలెఘేనీ బాట

గుడారం, వంటసామగ్రి వేసిన చక్రాల బండిని చేత లాక్కుంటూ కొండలు దాటడం అమెరికాలోని గ్రేట్ అలెఘేనీ బాటపై సాధ్యమే. కంబర్లాండ్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా సుమారు 150 మైళ్ల ఈ బాట తూర్పు భాగం, 1912లో వెస్టర్న్ మేరీలాండ్ రైల్వే తెరిచిన మార్గం. గూడ్సు రైలును ఆవిరి ఇంజను లాగాలంటే ఎక్కుడు తక్కువగా ఉండాలి. కంబర్లాండ్ వైపు అది వంద అడుగులకు 1.75 అడుగులను మించదు. 30 కిలోల బండిపై ఆ వాలు మోపే అదనపు లాగుడు అరకిలో బరువుకు కాస్త ఎక్కువ, అంతే. నేల రాపిడి లెక్క వేరు.

ఈ సౌలభ్యం ప్రకృతి ఇచ్చింది కాదు. కొండను తొలిచిన సుమారు 3,300 అడుగుల బిగ్ శావేజ్ సొరంగం దానికి ఆధారం. 1975లో రైళ్లు ఆగాక అది శిథిలమైంది. బాగుచేశాకే, 2006లో, బాట కంబర్లాండ్‌ను చేరింది. పట్టాలు తీసిన నేల దక్కితే చాలునన్న వాదన ఇక్కడ నిలవదు. సైకిలునైతే భుజానికెత్తుకొని గట్టు దాటవచ్చు, నిండు బండిని దాటించలేరు. నేటికీ చలికాలమంతా సొరంగం తలుపులు మూసి ఉంచుతారు. అప్పుడు బండి లాగేవారికి మిగిలేది కొండ రోడ్డే.