ఒక ఇంజను, మూడు రూపములు

రెండవ ప్రపంచ యుద్ధకాలమున, కోవెంట్రీ నగరములోని జాగ్వార్ కార్ల కర్మాగారమున రాత్రులు అగ్నిప్రమాదములకై కాపలా కాయుచు, విలియం లయన్స్, హేన్స్, హాసన్, బెయిలీ అనువారు శాంతికాలమున నిర్మింపదగిన ఇంజనును గూర్చి చర్చించుకొనిరి. ఆ చర్చల ఫలమే 1948లో ఎక్స్‌కె 120 కారుతో వెలువడిన ఎక్స్‌కె ఇంజను. ఆరు సిలిండర్లు, పైభాగమున రెండు కామ్‌షాఫ్టులు, 3.4 లీటర్ల పరిమాణము, 160 అశ్వశక్తి దాని లక్షణములు.

తరువాత పరిమాణము 3.8 లీటర్లకును, 1964లో 4.2 లీటర్లకును పెరిగినది. ఈ మూడింటను పిస్టను నడచు దూరము 106 మిల్లీమీటర్లే. సిలిండరు వ్యాసము మాత్రము 83 నుండి 87కు, పిదప 92కు హెచ్చినది. చివరి మార్పునకు చోటు చాలలేదు. అందుచే కొసనున్న రెండు సిలిండర్లను వెలుపలికి, నడిమి రెండింటిని దగ్గరకు జరిపి, క్రాంక్‌షాఫ్టును కొత్తగా రూపొందించిరి.

ఇంత శ్రమించినను ఈ-టైప్ కారునకు ప్రకటించిన అశ్వశక్తి మునుపటి 265 గానే నిలిచినది. మరి లాభమేమని మనము అడుగవచ్చును. టార్కు, అనగా ఇరుసును త్రిప్పు బలము, 260 నుండి 283 పౌండు-అడుగులకు పెరిగినది. మాటిమాటికి గేరు మార్చనక్కరలేకయే కారు వేగమందుకొనసాగినది.

అశ్వశక్తి అంకెను మాత్రమే చూచువారికి ఈ మార్పు కనబడదు. కారు నడపువానికి తొలి మలుపుననే తెలియును. ఈ ఇంజను 1992 వరకు ఉత్పత్తిలో నిలుచుటకు ఇట్టి మార్పులే తోడ్పడినవని మేము భావించుచున్నాము.