బ్యాటరీ గన్ కథ: విప్పడానికి మిషను, ఆఖరి బిగువుకి చెయ్యి



పోయిన నెల మా కారు టైరు మార్చి, బ్యాటరీ గన్‌తోనే నట్లు బిగించేశాను. నాలుగో నట్టు దగ్గర టక్కుమని స్టడ్ విరిగి చేతికొచ్చింది. తప్పు మిషనుది కాదు, నాది. ఎందుకో తెలియాలంటే ఈ పనిముట్టు ఎలా పుట్టిందో చూడాలి.

మామూలు పానాతో ఇరుకులో పని చేస్తే ప్రతి పావు చుట్టుకీ తీసి మళ్లీ పెట్టాలి. 1863లో అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన జె.జె. రిచర్డ్‌సన్ రాట్చెట్ పానాకి పేటెంట్ తీసుకున్నాడు. లోపల పళ్ల చక్రం, దానికో కొక్కెం. ఒకవైపు పట్టుకుంటుంది, రెండోవైపు టిక్ టిక్ మని జారుతుంది. పానా తీయకుండానే పనైపోద్ది.

కానీ తుప్పు పట్టిన నట్టుకి చేతి బలం చాలదు. ఇండియానా రాష్ట్రంలోని ఇవాన్స్‌విల్ ఊరి రాబర్ట్ పాట్ కనిపెట్టిందే ఇంపాక్ట్ రెంచ్. 1930ల్లో ఇంగర్సాల్ రాండ్ కంపెనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది. కిటుకు చిన్నదే. మేకుని చేత్తో నొక్కితే దిగదు, సుత్తితో కొడితే దిగుద్ది కదా! గన్ లోపల కూడా ఒక సుత్తి తిరుగుతూ ఉంటుంది. నట్టు మొరాయించగానే అది వెనక్కి జారి, మళ్లీ వచ్చి గట్టిగా కొడుతుంది. దెబ్బ నట్టుకి, చేతికి మాత్రం చిన్న అదురు.

ఈ గుణం అంతరిక్షంలోనూ పనికొచ్చింది. అక్కడ కాలు ఆనించే నేల ఉండదు, బోల్టు తిప్పబోతే మనిషే తిరిగిపోతాడు. 1961లో బ్యాటరీ డ్రిల్లు తెచ్చిన బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ, తర్వాత నాసా జెమిని యాత్రల కోసం మనిషిని తిప్పకుండా బోల్టు తిప్పే రెంచ్ తయారుచేసింది. 1971లో అపోలో 15 వాళ్లయితే చంద్రుడి మీద బ్యాటరీ డ్రిల్లుతో బోరే వేశారు!

అప్పటి నికెల్ కాడ్మియం బ్యాటరీలు బరువెక్కువ, బలం తక్కువ. 2005లో మిల్వాకీ కంపెనీ 28 వోల్టుల లిథియం అయాన్ పనిముట్లు తెచ్చాక కథ మారింది. కంప్రెసర్, గొట్టం లేకుండా గన్ మన ఇంటి ముంగిట్లోకి వచ్చింది.

ఇప్పుడు నా స్టడ్ సంగతి. చేతికి బలం తెలియకపోవడమే ఈ మిషను గొప్ప. ప్రమాదమూ అదే. నట్టు ఎంత బిగిసిందో మన చెయ్యి చెప్పలేదు. చిన్న కారు చక్రం నట్టుకి సుమారు 100 న్యూటన్ మీటర్లు చాలు. అంటే మీటరు రాడ్డు చివర 10 కిలోల బరువు వేలాడదీసినంత. పెద్ద గన్ దానికి మూడు నాలుగింతలు కొట్టగలదు.

అందుకే నేను పెట్టుకున్న పద్ధతి:
- విప్పడానికి గన్. ఇంపాక్ట్ కోసం చేసిన నల్ల సాకెట్లే వాడాలి, మెరిసే పల్చటివి పగిలిపోతాయి.
- ఎక్కించేటప్పుడు మొదటి చుట్లు వేళ్లతోనే. మర అడ్డంగా పడితే పాడైపోద్ది.
- ఆఖరి బిగువు టార్క్ రెంచ్‌తో, కారు పుస్తకంలో రాసిన లెక్క ప్రకారం.
- బ్యాటరీ రాట్చెట్ వేరు. చాలావాటిలో సుత్తి ఉండదు, నట్టు ఆగగానే పిడి మన చేతినే తిప్పుద్ది. వేళ్లు ఇరుక్కుంటాయి, జాగ్రత్త.

స్టడ్ ఇంట్లోనే విరిగింది కాబట్టి సరిపోయింది. రోడ్డు మీద, పిల్లలు బండిలో ఉన్నప్పుడు విరిగి ఉంటే? మీ ఇంట్లో గన్ ఉంటే మీ అబ్బాయిలకీ ఈ మాట చెప్పండి.