ఎడారి నగరానికి రాత్రి బండి



సరిహద్దు జిల్లాల్లో కాపురముండేవారికి ఒక సంగతి బాగా తెలుసు. పెద్ద జబ్బు చేసినప్పుడు సొంత రాష్ట్రపు రాజధాని కంటే పక్క రాష్ట్రపు పట్నమే ఎన్నోసార్లు దగ్గరవుతుంది. రాయచూరు వారు హైదరాబాదు బండి ఎక్కుతారు. చిత్తూరు వారు వేలూరికో, చెన్నైకో వెళతారు. హొసూరు వారు బెంగళూరు చేరుకుంటారు. ఈ రోజు మీకు అలాంటి ప్రయాణం గురించే చెప్పబోతున్నాను. అయితే అది మన వైపుది కాదు. రాజస్థాన్‌లో, థార్ ఎడారి నడుమ ఉన్న బికనీర్ నగరానిది.

బికనీర్‌ను 1488లో రావు బికా స్థాపించాడు. ఎండాకాలంలో అక్కడ వేడి 45 డిగ్రీలు దాటుతుంది. చలికాలపు రాత్రుల్లో సున్నా దగ్గరికి దిగుతుంది. ఏడాదికి కురిసే వాన 300 మిల్లీమీటర్లకు లోపే. కరువు సీమగా పేరుపడ్డ మన అనంతపురంలో సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుందంటే, అక్కడి నీటి విలువ ఎంతో మీరే ఊహించుకోండి. గంగాసింగ్ మహారాజు 1927లో సట్లెజ్ నీటిని కాలువ ద్వారా ఆ సంస్థానంలోకి రప్పించాడు. అందుకే ఆ వైపు వారు ఆయనను ఇప్పటికీ తలచుకుంటారు.

అదే నగరంలో 1959లో సర్దార్ పటేల్ వైద్య కళాశాల ఏర్పడింది. ఆ కళాశాలకు అనుబంధంగా ఉన్న క్యాన్సర్ చికిత్స కేంద్రానికి జైన గురువు ఆచార్య తులసి పేరు పెట్టారు. పక్కనున్న పంజాబ్ రాష్ట్రం నుంచి కూడా రోగులు ఇక్కడికి రావడం మొదలుపెట్టారు. బఠిండాలో రాత్రి బయలుదేరి తెల్లవారేసరికి బికనీర్ చేరే ప్యాసింజరు బండికి జనం ‘క్యాన్సర్ రైలు’ అని పేరు పెట్టేశారు. రైల్వే వారు పెట్టిన పేరు కాదది. ఆ పెట్టెల్లో కూర్చున్న మనుషులను చూసి లోకం పెట్టిన పేరు.

ఆ రోగుల్లో చాలామంది వెళ్లేది కిరణ చికిత్స కోసం. మనం కరెంటు పెట్టించడం అంటామే, అదే. దాని చరిత్ర కాస్త చూద్దాం. 1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. 1898లో క్యూరీ దంపతులు రేడియాన్ని కనుగొన్నారు. గడ్డలను ఈ కిరణాలతో మాడ్చవచ్చని వైద్యులు త్వరలోనే గ్రహించారు. కానీ వాటి ప్రమాదం తెలియక తమ చేతుల మీదే పరీక్షించుకుని వేళ్లు పోగొట్టుకున్నవారూ ఉన్నారు.

ఒక్కసారే ఎక్కువ మోతాదు ఇస్తే గడ్డతో పాటు చర్మమూ కాలిపోయేది. దీనికి దారి చూపినవాడు పారిస్‌లోని రెగో అనే వైద్యుడు. ఆయన పొట్టేళ్ల మీద పరీక్షలు చేశాడు. మోతాదును రోజుల తరబడి కొద్దికొద్దిగా ఇస్తే, చర్మం చెడకుండానే అనుకున్న పని జరుగుతుందని తేల్చాడు. మామూలు కణం రాత్రికి రాత్రి కొంత మరమ్మతు చేసుకోగలదు. క్యాన్సర్ కణం అంత బాగా చేసుకోలేదు. నేటి చికిత్సకు ఆ తేడాయే ఆధారం. అందుకే చాలా గడ్డలకు వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు చికిత్స ఇస్తారు. 1951లో కెనడాలో కోబాల్టు యంత్రాలతో చికిత్స మొదలైంది. ఆ తరువాత ఈ వైద్యం పేద దేశాలకూ అందుబాటులోకి వచ్చింది.

ఇక ఈ విద్య నేర్చుకునే యువ వైద్యుల సంగతి. ఎం.బి.బి.ఎస్. అయ్యాక ఇది మూడేళ్ల ఎం.డి. చదువు. ప్రభుత్వ కళాశాలల పీజీ సీట్లలో సగం అఖిల భారత కోటాలో ఉంటాయి. అంచేత బళ్లారి అబ్బాయికో, బరంపురం అమ్మాయికో బికనీర్‌లో సీటు రావచ్చు. చదువుకు చదువు, చాకిరీకి చాకిరీ. పొద్దున్నే వార్డు చూడాలి. తరువాత ఓపీ. ఆపైన ఏ కోణం నుంచి ఎంత కిరణం పంపాలో భౌతిక శాస్త్రవేత్తతో కలిసి లెక్క కట్టాలి. ఒంటికి సోకిన కిరణాన్ని కొలిచే బ్యాడ్జీ ఎప్పుడూ చొక్కాకు ఉండాలి.

ఆ లెక్కల్లో ఒక చిక్కు ఉంది. కోబాల్టు శక్తి సుమారు ఐదేళ్ల మూడు నెలలకు సగమైపోతుంది. మందు మార్చకపోతే నిన్న రెండు నిమిషాలు పట్టిన పనికి ఆనాటికి నాలుగు నిమిషాలు పడుతుంది. అంటే బయట వరండాలో నిలబడిన వరుస రెట్టింపవుతుంది. యంత్రం పాతబడితే ఆ భారం మోసేది రోగే.

పుస్తకంలో దొరకని పాఠం మరొకటి ఉంది. చికిత్స మధ్యలో మానేస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పుంజుకుంటాయి. మరి రోగి ఎందుకు మానేస్తాడు? పొలంలో కోత వస్తుంది, చేతిలో డబ్బు అయిపోతుంది, పరాయి ఊళ్లో తల దాచుకునే చోటు దొరకదు. అందుచేత కిరణ చికిత్స నేర్చే వైద్యుడు ముందుగా అడగవలసిన ప్రశ్న, “ఆరు వారాలు ఎక్కడ ఉంటారు?” అన్నది. దాన్ని రోగి భాషలోనే అడగాలి. బికనీర్‌లో అయితే అది మార్వాడీ కావచ్చు, పంజాబీ కావచ్చు. ఆస్పత్రి దగ్గరి ధర్మశాల కూడా యంత్రమంత అవసరమే.

తరువాతి కాలంలో పంజాబ్‌లోనే బఠిండా, సంగ్రూర్‌లలో క్యాన్సర్ ఆస్పత్రులు వచ్చాయి. 2022 ఆగస్టులో ముల్లన్‌పూర్‌లో మరో పెద్ద ఆస్పత్రి ప్రారంభమైంది. ఊరి దగ్గర యంత్రం ఉంటే రాత్రి బండి ఎక్కవలసిన పని చాలామందికి తప్పుతుంది.

శ్రోతలారా, మీ ఇంట్లోనో, ఇరుగుపొరుగునో ఎవరికైనా కిరణ చికిత్స చెబితే నాలుగు మాటలు గుర్తుంచుకోండి. మొత్తం ఎన్ని రోజులో ముందే అడగండి. అన్ని రోజులకూ బస చూసుకున్నాకే బయలుదేరండి. రైలు ఛార్జీలో క్యాన్సర్ రోగులకు రాయితీ ఉంది, దానికి కావలసిన పత్రం ఆస్పత్రిలో అడిగి తీసుకోండి. బాగున్నట్టు అనిపించినా మధ్యలో మాత్రం మానవద్దు. రాష్ట్రపు ఎల్లలు జబ్బుకు లేవు. ఎల్ల దాటి వచ్చినవాడికి నీడ చూపించడం మన సరిహద్దు ఊళ్లకు కొత్తా కాదు.