కొక్కెము ఎంత ఎత్తున ఉండవలెను?

సంక్రాంతికిని, తిరునాళ్ళకును మన పల్లెలలో జరుగు బండలాగుడు పందెములు పాఠకులకు పరిచితములే. ఒంగోలు జాతి ఎడ్లు నిర్ణీతమైన బరువుగల రాతిబండను నిర్ణీత కాలములో ఎంత దూరము ఈడ్చునో కొలిచి బహుమానము లిత్తురు. అమెరికా పల్లెలలో కూడ ఇట్టి వినోదమే కలదు. అక్కడ తొలుత గుఱ్ఱములు, పిదప ట్రాక్టర్లు, ఆ తరువాత ట్రక్కులు బరువులు లాగినవి. పశువునకు మారుగా యంత్రము రాగానే ఒక క్రొత్త ప్రశ్న పుట్టెను. లాగవలసిన బరువును యంత్రమునకు ఎంత ఎత్తున తగిలించవలెను? ఈ ప్రశ్న పందెపు మైదానములో కాక పొలములో మొదట తలయెత్తినది. సరియైన సమాధానము దొరకులోపల ఎందరో రైతులు ప్రాణములు కోల్పోయిరి.

1917లో హెన్రీ ఫోర్డు 'ఫోర్డ్‌సన్' అను ట్రాక్టరును మార్కెట్టులోనికి తెచ్చెను. అది తేలికైనది, చౌకయైనది. రైతులు దాని వెనుక గుఱ్ఱపు నాగలిని కట్టినట్లే నాగలిని కట్టిరి. దున్నుచుండగా నాగలి మొన ఒక బండకో, చెట్టు వేరునకో తగిలి ఆగిపోయెడిది. ఇంజను మాత్రము ఆగదు. వెనుక చక్రములు నేలను గట్టిగా పట్టుకొని తిరుగలేకపోయినచో, ఇంజను బలమంతయు ట్రాక్టరు శరీరమునే ఇరుసు చుట్టును త్రిప్పును. ముందు చక్రములు గాలిలోనికి లేచును. ఒకటి రెండు సెకనులలో ట్రాక్టరు వెల్లకిల పడి, నడపువానిని తన క్రింద నలిపివేయును.

దీని వెనుకనున్న సూత్రము ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసినదే. లాగుడు బలమును, అది పనిచేయు చోటు నేలనుండి ఎంత ఎత్తున ఉన్నదో ఆ ఎత్తుతో గుణించినచో బండిని వెనుకకు పడద్రోయు భ్రామకము వచ్చును. ఈ భ్రామకమును ముందు వెనుక ఇరుసుల నడిమి దూరముచే భాగించినచో ముందు చక్రములపై తగ్గు భారము తెలియును. అంతే భారము వెనుక చక్రములపై పెరుగును. ముందు చక్రములపై నున్న భారమంతయు ఇట్లు తరలిపోయిన క్షణమున బండి ముందుభాగము లేచును. నాగలి బండకు తగిలినపుడు లాగుడు బలము ఒక్కసారిగా హెచ్చుటచేత ఆ క్షణము హెచ్చరిక లేకయే వచ్చెడిది. గొలుసును ఇరుసుకంటె ఎత్తున కట్టినచో అపాయము మరింత హెచ్చు.

దీనికి ఉపాయము కనుగొన్నవాడు హారీ ఫెర్గూసన్. ఆయన ఐర్లండువాడు, 1909లో తాను నిర్మించిన విమానముపై తానే ఎగిరినవాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ట్రాక్టర్ల పనితీరును పరిశీలించుచు, నాగలిని వెనుక ఈడ్చుట గాక ట్రాక్టరులో ఒక అవయవముగా చేయవలెనని ఆయన భావించెను. క్రింద రెండు కడ్డీలు, పైన ఒక కడ్డీ, మొత్తము మూడు చోట్ల నాగలిని బిగించెను. నాగలి మొన దేనికైన తగిలినపుడు పై కడ్డీ ట్రాక్టరును ముందునకు నెట్టి, దాని ముందుభాగమును నేలకు అదిమిపట్టును. 1936లో ఈ అమరిక గల ఫెర్గూసన్-బ్రౌన్ ట్రాక్టర్లు ఇంగ్లండులో తయారైనవి. 1938లో ఫోర్డును ఒప్పించుటచే 1939లో '9ఎన్' ట్రాక్టరు అమెరికాలో వెలువడెను. నేడు మన పొలములలోని ట్రాక్టర్ల వెనుక కనుపించు మూడు కడ్డీల అమరిక దాని సంతతియే.

పొలమున నాగలి సమస్య ఇట్లు తీరినను, పందెమున గొలుసు తప్పలేదు. 1929లో మిస్సౌరీ రాష్ట్రములోని బౌలింగ్ గ్రీన్‌లోను, ఒహాయో రాష్ట్రములోని వాన్స్‌విల్‌లోను ట్రాక్టర్ల లాగుడు పందెములు జరిగినవి. తరువాతి కాలమున నేలపై జారు బల్లబండిని ట్రాక్టరు లాగుచుండగా, దారిప్రక్కన నిలిచిన మనుష్యులు ఒక్కొక్కరే దానిపైకి ఎక్కి బరువు పెంచెడివారు. 1969లో జాతీయ ట్రాక్టరు లాగుడు సంఘ మేర్పడి నియమములను ఏకము చేసెను. నేటి స్లెడ్డులో మనుష్యులకు బదులు బరువుల పెట్టె ఉండును. అది మొదట స్లెడ్డు వెనుక చక్రములపై నుండి, బండి సాగినకొలది ముందునకు జరుగును. ముందున్న ఇనుప పలక నేలను ఒరయుటచే ఘర్షణ క్రమముగా హెచ్చును. మన రాతిబండ బరువు మారదు. ఈ స్లెడ్డు మాత్రము అడుగడుగునకు బరువెక్కును. 300 అడుగులు, అనగా సుమారు 91 మీటర్లు లాగినచో పూర్తి లాగుడుగా పరిగణింతురు.

ఇక ట్రక్కు కొక్కెము సంగతి. ఇరుసుల నడుమ 3.5 మీటర్ల దూరమున్న ట్రక్కు 2,100 కిలోగ్రాముల బలముతో లాగుచున్న దనుకొందము. కొక్కెము 26 అంగుళముల ఎత్తున, అనగా 0.66 మీటరున ఉన్నచో ముందు చక్రములపై సుమారు 400 కిలోగ్రాములు తగ్గును. అదే కొక్కెమును ఒక మీటరు ఎత్తునకు లేపినచో 600 కిలోగ్రాములు తగ్గును. వెనుక చక్రములకు పట్టు హెచ్చినను, నాలుగు చక్రములతో లాగు ట్రక్కునకు ముందు చక్రముల పట్టు నష్టమగును. దారి మళ్ళించుటయు కష్టమగును. మరీ క్రిందికి దింపినచో వెనుక చక్రములు చాలినంత భారము పొందక జారును. కావున పందెగాండ్రు ముందుభాగమున ఇనుప దిమ్మెలు వ్రేలాడదీసి, కొక్కెపు ఎత్తునకును, ముందు బరువునకును పొత్తు కుదుర్తురు.

కొక్కెము వెనుక ఇరుసునకు ఎంత దూరమున ఉండవలె ననునదియు ముఖ్యమే. గొలుసు క్రిందికి వాలియున్నపుడు ట్రక్కు తోకను నేలకు లాగును. ఇరుసే ఆధారముగా, తోక ఎంత పొడవైన ముందుభాగ మంత సులభముగా లేచును. అందుచేతనే నియమములు ఎత్తునకు హద్దు పెట్టి, కొక్కెము కదలక బిగిసియుండవలెనని శాసించును. లాగుచుండగా అది పైకి జరిగినచో ముందు వేసిన లెక్క తప్పును. ఆ తప్పునకు మూల్యము చెల్లించువాడు నడపువాడు.

ఇంజను బలమును పెంచుట ఎల్లరకును తోచు మార్గము. ఆ బలము నేలకు చేరు దారిని కొక్కెమే నిర్ణయించును. పందెములో అది గెలుపోటములను తేల్చును. పొలములో మనిషి ప్రాణమును కాపాడును. ట్రాక్టరుతో మొద్దు లాగించు ప్రతి రైతుబిడ్డయు గొలుసును ఇరుసుకంటె క్రిందనే తగిలించవలెనని గుర్తుంచుకొనిన, భ్రామకముల పాఠము వ్యర్థము కానేరదు.