హావ్‌లాక్ ఎవరి దీవి?

అండమాన్‌లోని హావ్‌లాక్‌కు ఇప్పుడు జనం విహారానికి పోతున్నారు. రాధానగర్ ఇసుక తీరం, చెట్ల నీడన రిసార్టులు, వీపున గాలి సిలిండరు కట్టుకుని పగడపు దిబ్బల మధ్య ఈత. ఖాళీ దీవిలో రిసార్టులు వెలిశాయని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ దీవుల వరుస బాలే అనే ఆదివాసులది. ఆ నీళ్లలోనే చేపనూ తాబేలునూ వేటాడి బతికారు.

1858లో ఇంగ్లీషువాళ్లు పోర్ట్‌బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టారు. మరుసటేడు మే 17న అండమాన్ ఆదివాసులు విల్లంబులతో దాని మీద పడ్డారు, తుపాకుల ముందు నిలవలేకపోయారు. తుపాకి కన్నా రోగాలే ఎక్కువమందిని తిన్నాయి. 1877లో తట్టు ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసింది. బాలేతో సహా గ్రేట్ అండమానీ తెగలన్నీ కలిపి 1901లో 625 మంది. 1961లో 19 మంది. బాలే అప్పటికే లేరు.

హావ్‌లాక్ అంటే 1857 తిరుగుబాటును అణచిన సేనాని. 2018లో ఆ పేరు తీసి స్వరాజ్ ద్వీప్ అన్నారు. మంచిదే, కానీ రెండు పేర్లలోనూ బాలే లేరు.

మేము మన్యంవాళ్లం. 1922-24 రంప పితూరీలో పట్టుబడ్డ మావాళ్లను కొందరిని ఆ అండమాన్ జైలుకే పంపారు. మా అడవి కోసం కొట్లాడినందుకు శిక్ష, ఇంకో ఆదివాసుల నేల మీద.